పావులూరి మల్లన – తెలుగులో తొలి లెక్కల పుస్తకం

మీరు ఉండేది పోర్ట్ బ్లెయిర్‌లో కావచ్చు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. మీ తాతగారో, నాన్నగారో శ్రీకాకుళం వైపు నుండో, విశాఖపట్నం వైపు నుండో ఓడ ఎక్కి ఈ దీవులకు వచ్చి ఉండవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా చేపల వేటకు వెళ్తూ ఉంటే ఈ కింది లెక్క మీకు కొత్త కాదు. ఒకసారి నిదానంగా చదవండి.

ఒక పడవ వేటకు వెళ్ళి ఆరు గంపల చేపలు తెచ్చింది. ఒక్కొక్క గంపలో 18 కిలోలు ఉన్నాయి. కిలో 120 రూపాయల చొప్పున అమ్మారు. డీజిలుకూ, ఐసుకూ కలిపి 2,960 రూపాయలు ఖర్చయింది. మిగిలిన డబ్బును ఐదు వాటాలు చేశారు. పడవ యజమానికి రెండు వాటాలు, వేటకు వెళ్ళిన ముగ్గురికీ తలా ఒక వాటా. ఒక్కొక్కరికి ఎంత వచ్చింది?

ఇందులో గుణకారం రెండుసార్లు ఉంది, తీసివేత ఒకసారి, భాగహారం ఒకసారి. ఆరు పద్దెనిమిదులు 108 కిలోలు. 108ని 120తో గుణిస్తే 12,960 రూపాయలు. ఖర్చు పోగా 10,000. దాన్ని ఐదుతో భాగిస్తే 2,000. వేటకు వెళ్ళినవాడికి 2,000 రూపాయలు రావాలి.

ఇప్పుడు వేరొకరు ఇదే లెక్క చేశారనుకొందాం. ఆయనకు ఎక్కాలు బాగా వచ్చు. కాని మిగిలిన డబ్బు అన్న మాటను గమనించలేదు. 12,960ని నేరుగా ఐదుతో భాగించాడు. 2,592 వచ్చింది. చేతికి వచ్చినవి 2,000. తన 592 రూపాయలు ఎవరో తిన్నారని ఆయన యజమానితో గొడవకు దిగవచ్చు. ఆయన గుణకారం తప్పలేదు, భాగహారమూ తప్పలేదు. ఒక్క మాట చదవడంలో తప్పాడు. అందుకే ఈ పాఠాన్ని గణిత పుస్తకంలో కాకుండా తెలుగు పుస్తకంలో చేర్చాము.

ఇలా కథలాగా మాటల్లో చెప్పే లెక్కలను రాత లెక్కలు అంటాము. వీటిని తెలుగులో పుస్తకంగా కూర్చిన మొదటి వ్యక్తి సుమారు తొమ్మిది వందల సంవత్సరాల క్రితంవాడు. ఆయన పేరు పావులూరి మల్లన.

మల్లన జీవితాన్ని గురించి తెలిసింది కొంచెమే. పావులూరి అనేది ఆయన ఇంటిపేరు. అది పావులూరు అనే ఊరినిబట్టి వచ్చింది. ఆ కుటుంబంలో తాతకూ మనుమడికీ ఒకటే పేరు ఉండడం వల్ల పండితులకు పెద్ద చిక్కు వచ్చిపడింది. రాజమహేంద్రవరాన్ని ఏలిన తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడి నుండి, పిఠాపురం దగ్గరి నవఖండవాడ అనే గ్రామాన్ని ఒక మల్లన దానంగా పొందాడు. లెక్కల పుస్తకం రాసింది ఈ మల్లనే అని కొందరు అన్నారు. కాదు, ఆయన మనుమడు మల్లన అని మరికొందరు అన్నారు. మొదటి మాట నిజమైతే ఆయన 11వ శతాబ్దం మధ్యవాడు. రెండవది నిజమైతే మరి కొన్ని దశాబ్దాల తరువాతివాడు. తాతపేరు మనుమడికి పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది కదా. మీ ఇంటి పాత కాగితాలు చూస్తే ఇలాంటి తికమక మీకూ ఎదురు కావచ్చు.

రాజరాజనరేంద్రుడి పేరు మీరు ఇదివరకే విని ఉంటారు. నన్నయ మహాభారతాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టింది ఆ రాజు ఆస్థానంలోనే. సంస్కృతంలో ఉన్న గొప్ప విషయాలను తెలుగువారికి తెలుగులోనే చెప్పాలనే పని అప్పుడే మొదలైంది. నన్నయ చేతికి భారతకథ వచ్చింది. మల్లన లెక్కలను తీసుకొన్నాడు. కథను తెలుగులో చెబితే వినేవాళ్ళకు ఆనందం కలుగుతుంది. మరి లెక్కను తెలుగులో చెబితే ఏమవుతుంది? ఆ రోజుల్లో పంటలో రాజుకు ఇవ్వవలసిన భాగం, పొలం కొలత, అప్పు మీద వడ్డీ అన్నీ లెక్కలతోనే తేలేవి. లెక్కించే పద్ధతి సంస్కృతంలో మాత్రమే ఉంటే అది సంస్కృతం వచ్చిన కొద్దిమంది దగ్గరే ఉండిపోతుంది. మల్లన చేసిన పని విలువ ఇక్కడ ఉంది.

మల్లన ముందు పెట్టుకొన్న పుస్తకం గణితసారసంగ్రహం. దాన్ని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాశాడు. ఆయన జైనుడు. కన్నడ దేశాన్ని ఏలిన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంవాడు. ఆ పుస్తకంలో సూత్రం వెంట ఉదాహరణలు ఉంటాయి. ఉదాహరణల్లో తుమ్మెదలు, ఏనుగులు, వర్తకులు, పండ్లు, పువ్వులు కనిపిస్తాయి. ఒక లెక్కను మన మాటల్లో చెప్పుకొందాం. ఒక్కొక్క జినాలయానికి 139 పుష్యరాగాలు సమర్పించాలి. 109 ఆలయాలకు ఎన్ని కావాలి? గుణించి చూడండి. 15,151 వస్తుంది. ఎడమ నుండి చదివినా, కుడి నుండి చదివినా అదే సంఖ్య. జవాబు హారంలో పూసలు గుచ్చినట్లు రావాలని ఆచార్యుడు సంఖ్యలను ఏరి పెట్టాడు. అలాంటిదే మరొకటి. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వరుసగా వస్తాయి. కాగితం మీద చేసి చూడండి. జవాబు సరిగా వచ్చిందో లేదో ఎవరినీ అడగనక్కరలేదు. హారం తెగితే ఎక్కడో తప్పు చేశారన్నమాట. ఒంటరిగా చదువుకొనేవారికి ఇంతకంటే మంచి లెక్క ఉండదు.

మల్లన ఈ పుస్తకాన్ని మాటకు మాట మార్చలేదు. ఆయన శివభక్తుడు. జైన స్తుతులున్న చోట శివుణ్ణి తలచాడు. జినాలయాలున్న ఉదాహరణలను శివాలయాలకు మార్చాడు. కొన్ని భాగాలను వదిలివేశాడు, కొన్ని ఉదాహరణలను తానే కొత్తగా చేర్చాడు. హారంలాగా జవాబు వచ్చే లెక్కలంటే ఆయనకూ ఇష్టమే. అంతటినీ తెలుగు పద్యాలలో పెట్టాడు. పుస్తకానికి సారసంగ్రహ గణితము అని పేరు. కాని జనం దాన్ని పావులూరి గణితము అనే పిలిచారు. తెలుగులో వచ్చిన మొదటి శాస్త్రగ్రంథంగా దాన్ని లెక్కిస్తారు.

లెక్కను పద్యంలో చెప్పడమెందుకు అని మీకు అనిపించవచ్చు. అప్పట్లో కాగితం లేదు. తాటాకు మీద గంటంతో రాయాలి. విద్యార్థి దగ్గర పుస్తకం ఉండదు. పద్యమైతే నోటికి వస్తుంది, పోదు. కాని పద్యంలో పెద్ద సంఖ్యలను ఇరికించడం కష్టం. దానికి పూర్వులు ఒక ఉపాయం కనిపెట్టారు. అంకెకు బదులు ఒక వస్తువు పేరు చెబుతారు. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రుడంటే 1. అగ్నులు మూడు కనుక అగ్ని అంటే 3. వేదం అంటే 4, సముద్రం అన్నా 4. మన్మథుడి బాణాలు ఐదు కనుక శరం అంటే 5. గిరి అంటే 7. దిక్కులను మోసే ఏనుగులు ఎనిమిది కనుక ఏనుగంటే 8. ఆకాశం అంటే సున్న. అంకెలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి చెబుతారు. శరం, చంద్రుడు, అగ్ని అని వరుసగా చెబితే ఒకట్ల స్థానంలో 5, పదుల స్థానంలో 1, వందల స్థానంలో 3. అంటే 315. మీ ఇంటి నంబరును ఇలా చెప్పి చూడండి.

మల్లన పద్యాలలో అన్నిటికంటే పేరు పొందింది చదరంగం లెక్క. చదరంగపు బల్ల మీద 64 గళ్ళు ఉంటాయి. మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు. ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత? జవాబు ఇరవై అంకెల సంఖ్య. మల్లన ఆ ఇరవై అంకెలనూ వస్తువుల పేర్లతో ఒకే ఒక చంపకమాల పద్యంలో కూర్చాడు. ఆ సంఖ్య ఇది: 18446744073709551615.

ఇంత పెద్ద జవాబును చూసి భయపడకండి. చిన్నదానితో మొదలుపెట్టండి. మొదటి మూడు గళ్ళలోవి కలిపితే 1, 2, 4 మొత్తం 7. నాలుగవ గడిలో ఉండేవి 8. నాలుగు గళ్ళ మొత్తం 15, ఐదవ గడిలో 16. మొత్తం ఎప్పుడూ తరువాతి గడికంటే ఒకటి తక్కువ. కనుక 64 గళ్ళ మొత్తం కావాలంటే, 65వ గడి ఒకటి ఉందనుకొని అందులో ఎంత ఉంటుందో కనిపెట్టి ఒకటి తీసివేస్తే చాలు. అందుకు కూడా 64 సార్లు రెట్టింపు చేయనక్కరలేదు. 2ను 2తో గుణిస్తే 4. 4ను 4తో గుణిస్తే 16. 16ను 16తో గుణిస్తే 256. 256ను 256తో గుణిస్తే 65,536. దాన్ని దానితోనే గుణిస్తే 4,29,49,67,296. మరొక్కసారి దాన్ని దానితోనే గుణిస్తే 65వ గడి వస్తుంది. మొత్తం ఆరు గుణకారాలు. చివరిది చేయడానికి మాత్రం ఒక పెద్ద కాగితమూ, ఒక సాయంత్రమూ కావాలి.

రోజువారీ జీవితానికి పనికివచ్చే పద్ధతి త్రైరాశికం. పేరు పెద్దదే కాని దీన్ని మీరు బజారులో రోజూ చేస్తూనే ఉన్నారు. ఎనిమిది కొబ్బరికాయలు 180 రూపాయలైతే పన్నెండు కాయలు ఎంత? తెలిసిన మూడు సంఖ్యలకూ పూర్వులు పేర్లు పెట్టారు. ఎనిమిది ప్రమాణం, 180 ఫలం, మనకు కావలసిన పన్నెండు ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలి. 180ని 12తో గుణిస్తే 2,160. దాన్ని 8తో భాగిస్తే 270 రూపాయలు. మనలో చాలామంది ముందు ఒక కాయ ధర కనిపెడతారు. అలా చేసినా తప్పు కాదు. కాని 180ని 8తో భాగిస్తే 22 రూపాయల 50 పైసలు వస్తుంది. భిన్నం వచ్చి పడింది. ముందు గుణించి చివర భాగిస్తే దారిలో భిన్నాలు అడ్డు రావు.

కొలతల లెక్కల్లో కూడా మెట్లు ఇలాగే ఉంటాయి. మన పెద్దలు ధాన్యాన్ని కిలోలలో తూచలేదు, కుంచాలతో కొలిచారు. కోస్తా ఊళ్ళలో వాడిన ఒక లెక్క ప్రకారం నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఒక కుటుంబం రోజుకు ఐదు మానికల ధాన్యం వాడుకొంటే రెండు పుట్లు ఎన్ని రోజులు వస్తాయి? పుట్టికి 320 మానికలు, రెండు పుట్లకు 640, ఐదుతో భాగిస్తే 128 రోజులు. నాలుగు నెలలు దాటి ఒక వారం. పంట రావడానికి ఇంకా ఆరు నెలలుంటే ఆ ఇంటివారు అప్పు చేయక తప్పదని ఈ భాగహారం ముందే చెబుతుంది.

మల్లన పుస్తకం వందల సంవత్సరాలు తాటాకుల మీదే బతికింది. ఒకరు రాసుకొన్నదాన్ని చూసి మరొకరు రాసుకొన్నారు. మహావీరాచార్యుడి సంస్కృత మూలం 1912లో మద్రాసులో ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చయింది. మల్లన తెలుగు గణితం ఇంకా చాలాకాలం ఆగవలసి వచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన కొంతభాగం 1952లో తిరుపతి నుండి వెలువడింది. భారతాన్ని వెతికి అచ్చువేసిన ఆత్రం లెక్కల పుస్తకం మీద మనవాళ్ళకు కలగలేదని చెప్పక తప్పదు.

పుస్తకం మూసే ముందు ఒక లెక్క చేయండి. జెట్టీలో ఆగిన ఓడ నుండి బస్తాలు దించడానికి పదిమంది కూలీలకు ఆరు రోజులు పట్టింది. అదే పనికి పదిహేనుమంది వస్తే ఎన్ని రోజులు పడుతుంది? కొబ్బరికాయల లెక్కలాగా గుణించి భాగిస్తే తొమ్మిది రోజులు వస్తుంది. మనుషులు పెరిగితే రోజులు కూడా పెరుగుతాయా? ఇక్కడ పద్ధతి తిరగబడుతుంది. మహావీరాచార్యుడు దీన్ని వ్యస్త త్రైరాశికం అన్నాడు. దేనిని దేనితో గుణించాలో, దేనితో భాగించాలో లెక్కను మరొకసారి చదివి మీరే తేల్చండి. తరువాత మీ ఇంటి ఖర్చులోనుంచో, మీరు చేసే పనిలోనుంచో ఇలాంటి లెక్క ఒకటి తయారుచేసి, నాలుగైదు వాక్యాలలో తెలుగులో రాయండి. దాన్ని ఇంట్లో మరొకరికి చదివి వినిపించండి. వాళ్ళకు వేరే జవాబు వస్తే ముందు మీ వాక్యాలను సరిచూసుకోండి.