నిరోధాన్ని కొలిచిన ఉపాధ్యాయుడు

జర్మనీ దేశంలోని ఎర్లాంగెన్ పట్టణంలో తాళాలు చేసి బ్రతికే ఒక పనివాడు ఉండేవారు. పేరు యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్. బడిలో పెద్దగా చదువుకోకపోయినా తనంతట తానే గణితం, భౌతికశాస్త్రం, తత్వశాస్త్రం నేర్చుకొని, వాటిని తన కుమారులకు తానే బోధించారు. ఆ కుమారులలో ఒకరైన గేయోర్గ్ సీమోన్ ఓమ్ 1789 మార్చి 16న జన్మించారు. పదేళ్ల ప్రాయంలోనే ఆయన తల్లిని పోగొట్టుకున్నారు.

1805లో గేయోర్గ్ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో చేరారు. కాని నృత్యం, బిలియర్డ్స్, మంచుపై జారే ఆటలు ఆయన కాలాన్ని మింగివేశాయి. కష్టార్జితం వృథా అవుతోందని తండ్రి ఆగ్రహించారు. మూడు అర్ధసంవత్సరాలకే చదువు మానిపించి, కుమారుని స్విట్జర్లాండుకు పంపివేశారు. అక్కడ ఓమ్ లెక్కల ఉపాధ్యాయునిగా పనిచేస్తూ, ఖాళీ వేళల్లో గణితాన్ని సొంతంగా అభ్యసించారు. 1811లో ఎర్లాంగెన్‌కు తిరిగివచ్చి డాక్టరు పట్టం పొందారు. తండ్రి కోపం ఆయనకు మేలే చేసింది.

1817లో కొలోన్ నగరంలో ఆయనకు ఉపాధ్యాయ పదవి లభించింది. అది పూర్వం యేసుసభ గురువులు నడిపిన పాఠశాల. అక్కడి ప్రయోగశాలలో మంచి పరికరాలు ఉండేవి. ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టిన ఓమ్ ఆ కతోలిక విద్యాలయపు గోడల మధ్యనే తన జీవితకార్యాన్ని సాధించారు.

తీగలో విద్యుత్తు ఎంత ప్రవహిస్తుంది, దానిని ఏది అదుపు చేస్తుంది అనేదే ఆయన ప్రశ్న. 1825లో వెలువరించిన మొదటి వ్యాసంలో ఆయన ఇచ్చిన సూత్రం సరైనది కాదు. ఆనాటి బ్యాటరీల బలం నిలకడగా ఉండేది కాదు. పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహాపై ఓమ్ బ్యాటరీని విడిచిపెట్టారు. బిస్మత్, రాగి లోహాలను జతచేసి, ఒక అతుకును మరిగే నీటిలోను, రెండవ అతుకును మంచులోను ఉంచారు. ఆ వేడిమి భేదం నుండి నిలకడైన విద్యుత్తు లభించింది. ఒకే మందం, వేర్వేరు పొడవులు గల ఎనిమిది రాగి తీగలను ఒకదాని తరువాత ఒకటి కలిపి, అయస్కాంత సూది ఎంత తిరిగిందో ఓపికగా కొలిచారు. 1826లో సరైన నియమం దొరికింది.

ఆ నియమం నేడు పదవ తరగతి విద్యార్థికి కూడా తెలుసు. ఉష్ణోగ్రత మారనప్పుడు, తీగ కొనల మధ్య వోల్టేజీని ప్రవాహంతో భాగిస్తే ఎప్పుడూ ఒకే సంఖ్య వస్తుంది. అదే ఆ తీగ నిరోధం. మన ఇంటి ఇస్త్రీపెట్టె 230 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకుంటే, దాని నిరోధం 46 ఓమ్‌లు. వోల్టేజీని ప్రవాహంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది: 1150 వాట్లు. గంటసేపు వాడితే మీటరు 1.15 యూనిట్లు తిరుగుతుంది. ఈ రెండవ లెక్క ఓమ్‌ది కాదు. ప్రవాహాన్ని దానితోనే గుణించి, మరల నిరోధంతో గుణిస్తే తీగలో పుట్టే వేడి ఎంతో తెలుస్తుందని 1841లో ఇంగ్లండులో జేమ్స్ జూల్ చూపించారు. 5ను 5తో, దానిని 46తో గుణించి చూడండి, అదే 1150 వస్తుంది.

1827లో ఓమ్ తన సిద్ధాంతాన్ని బెర్లిన్‌లో గ్రంథంగా ప్రచురించారు. విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభిస్తుందని ఆశించారు. లభించలేదు. ప్రకృతి రహస్యాలను కొలతలతో గాక కేవలం ఆలోచనతోనే గ్రహించవచ్చునని తలచే పండితులు ఆనాడు అక్కడ బలంగా ఉండేవారు. గ్రంథంపై కటువైన విమర్శ వచ్చింది. 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేసి, బెర్లిన్‌లో చిన్న ఉపాధ్యాయ పనితో కాలం గడిపారు. 1833లో న్యూరెంబర్గ్ సాంకేతిక విద్యాలయంలో చేరారు. 1841లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లే పతకం ఇచ్చింది. ఆయన కోరుకున్న పూర్తి ఆచార్య పదవి మ్యూనిక్‌లో 1852లో గాని రాలేదు. అప్పటికి ఆయన వయస్సు 63. రెండేళ్లకే, 1854 జూలై 6న కన్నుమూశారు. ఆయన వివాహం చేసుకోలేదు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు కొలమానానికి ఆయన పేరు ఖాయం చేసింది. అదే సభలో వోల్టా పేరు వోల్టేజీకి, ఆంపియర్ పేరు ప్రవాహానికి నిలిచాయి. ఆ ఇద్దరూ కతోలిక విశ్వాసులే.

మన జ్ఞానం ఇంద్రియాల నుండే ఆరంభమవుతుందని పునీత తోమాస్ అక్వినాసు బోధించారు. ఆలోచన ఎంత గొప్పదైనా, సృష్టికర్త చేసిన వస్తువు ముందు తల వంచాలి. తన మొదటి సూత్రం తప్పని కొలత చెప్పినప్పుడు ఓమ్ దానిని విడిచిపెట్టారు. తన రెండవ సూత్రం తప్పని పండితులు చెప్పినప్పుడు దానిని విడువలేదు. ఒకచోట వినయం, మరొకచోట స్థైర్యం కనిపిస్తాయి. రెండింటికీ మూలం సత్యానికి విధేయతే. మన పిల్లలకు మార్కులతోబాటు ఈ విధేయతను కూడా నేర్పుదాం. తాళాలు చేసే ఒక తండ్రి తన ఇంట్లో చేసిన పని అదే.