ముందు కృతజ్ఞత, తర్వాత పశ్చాత్తాపం



రాత్రి పడుకోబోయే ముందు మనలో చాలామంది ఆత్మశోధన చేసుకుంటాం. చేసిన తప్పులు తలచుకుని పశ్చాత్తాప జపం చెప్పి కళ్లు మూస్తాం. మరి ఆ రోజు అందుకున్న మేళ్లను లెక్కపెట్టామా? జూలై 31న మనం పండుగ జరుపుకునే పునీత లొయోలా ఇగ్నేషియస్ వారి జీవితం మనల్ని అడిగే ప్రశ్న ఇదే.

ఆయన 1491లో స్పెయిన్‌లోని లొయోలా కోటలో జన్మించారు. యౌవనంలో కీర్తికాంక్ష మెండు. 1521 మే 20న పంప్లోనా కోటను కాపాడే పోరాటంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. అతుక్కున్న ఎముక ఎత్తుగా కనబడుతోందని, అందం కోసం దాన్ని కోయించుకున్నారు కూడా! పడక మీద కాలక్షేపానికి వీరగాథలు అడిగితే, ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు. అవే ఆయన్ను మార్చాయి.

1522లో మన్రేసా పట్టణం చేరి కఠోర తపస్సు చేశారు. అక్కడే పెద్ద అగ్నిపరీక్ష ఎదురైంది. ఎన్నిసార్లు పాపసంకీర్తనం చేసినా, ఏదో పాపం మరిచానన్న భయం వదలలేదు. గదిలో ఉన్న గోతిలో దూకి ప్రాణం తీసుకోవాలన్న శోధన కూడా వచ్చింది. చివరికి దైవకృప ఆ సంకెళ్లు తెంచింది. బడిపంతులు పిల్లవాడికి నేర్పినట్టు దేవుడే తనకు నేర్పాడని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథానికి బీజం పడింది మన్రేసాలోనే. అందులో ఆత్మశోధనకు ఐదు మెట్లు ఉన్నాయి. మొదటిది అందిన మేళ్లకు దేవునికి కృతజ్ఞత చెప్పడం. తర్వాత వెలుగు కోరడం, గంట గంటనూ పరిశీలించడం, క్షమాపణ వేడడం, దిద్దుకుంటానని తీర్మానించడం. పాపాలే లెక్కపెట్టి నిరాశ అంచుదాకా వెళ్లిన మనిషి కృతజ్ఞతను ముందు పెట్టారు, గమనించారా? ప్రేమించేవాడి ముందు నిలబడ్డామని తెలిస్తేనే తప్పు ఒప్పుకునే ధైర్యం వస్తుంది.

ముప్పై దాటాక బార్సెలోనాలో చిన్నపిల్లల పక్కన కూర్చుని లాటిన్ నేర్చుకున్నారు. 1540లో మూడవ పౌలు పోపుగారు యేసు సభను ఆమోదించారు. మన విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల పేరు ఆయన జన్మస్థలానిదే. సభలో చదువుకునేవారికి దీర్ఘ ప్రార్థనలు తగ్గించినా, రోజుకు రెండుసార్లు ఆత్మశోధన మాత్రం తప్పనిసరి చేశారు. సకల పాపాలకూ మూలం కృతఘ్నతేనని 1542లో ఒక లేఖలో రాశారు. ఏళ్ల తరబడి కడుపునొప్పితో బాధపడుతూనే సభను నడిపి, 1556లో రోము నగరంలో కన్నుమూశారు. మరణానంతరం ఆయన దేహాన్ని పరిశీలించిన వైద్యునికి లోపల ఎన్నో రాళ్లు కనిపించాయి. నొప్పి లేనందువల్ల పుట్టిన కృతజ్ఞత కాదు అది.

కష్టం లేదని నటించమని ఆయన చెప్పలేదు. కష్టంలోనూ అందిన మేలును చూడమన్నారు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో, తప్పులు తలచుకునే ముందు, ఇంట్లో ఒక్కొక్కరూ ఆ రోజు అందిన ఒక మేలును పేరుపెట్టి చెప్పండి. వేడి అన్నం వడ్డించిన చేయి కావచ్చు, తగ్గిన జ్వరం కావచ్చు. ఆ తర్వాతే క్షమాపణ అడగండి.