ముగ్గుకు వ్యాకరణం కూర్చిన గిఫ్ట్ శిరోమణి

ధనుర్మాసం వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ప్రతి వాకిలీ ఒక చిత్రపటమవుతుంది. పత్తి తీతకో, మిరప చేలకో కూలికి వెళ్లవలసిన స్త్రీలు సైతం తెల్లవారకముందే లేచి, కల్లాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గులు తీరుస్తారు. వారి చేతిలో కొలబద్ద ఉండదు. ఎదుట నమూనా ఉండదు. అయినా చుక్కల చుట్టూ మెలికలు తిరిగిన గీత ఎక్కడా తెగకుండా బయలుదేరిన చోటికే చేరుతుంది. పొద్దెక్కేసరికి అది రాకపోకల అడుగుల కింద చెరిగిపోతుంది. తల్లి నుండి బిడ్డకు సంక్రమించే ఈ విద్యను పండితలోకం చాలాకాలం ఇంటిపనిగానే ఎంచింది. అందులో దాగిన గణితాన్ని గుర్తించి, దానికి కంప్యూటర్ శాస్త్రంలో స్థానం కల్పించిన పరిశోధకులలో ముఖ్యుడు గిఫ్ట్ శిరోమణి.

శిరోమణి 1932లో జన్మించారు. మద్రాసు నగర శివార్లలోని తాంబరంలో ఉన్న మద్రాసు క్రైస్తవ కళాశాల ఆయన కర్మక్షేత్రం. అక్కడ గణాంక శాస్త్ర శాఖకు అధిపతిగా పనిచేశారు. ఆయన జిజ్ఞాస ఒక్క శాస్త్రానికే పరిమితం కాలేదు. మహాబలిపురం శిల్పాల్లోని వస్త్రాభరణాలను నిశితంగా పరిశీలించారు. సింధు లిపిని గణాంక పద్ధతులతో పరిశోధించారు. అచ్చులో ఉన్న తమిళాక్షరాలను కంప్యూటర్ చేత గుర్తింపజేసే విధానాన్ని సహచరులతో కలిసి 1978లో ప్రకటించారు. ఆయన సతీమణి రాణీ శిరోమణి మన దేశంలో సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన వారిలో ఒకరు. మన ముగ్గును తమిళులు కోలం అంటారు. ఆ కోలమే ఈ దంపతుల పరిశోధనకు వస్తువైంది.

పరిమితమైన నియమాలతో అపరిమితమైన వాక్యాలు పుట్టే తీరును అమెరికా భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1950లలో గణిత రూపంలో వివరించారు. వాక్యానికి వ్యాకరణం ఉన్నట్లే చిత్రానికీ ఉండవచ్చునన్న ఆలోచన దాని నుండి పుట్టింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఆర్. నరసింహన్ 1960లలో ఈ దిశగా కృషి చేశారు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. వాక్యం ఒకే వరుసలో సాగుతుంది. చిత్రం అడ్డంగానూ నిలువుగానూ విస్తరిస్తుంది. శిరోమణి దంపతులు, కమలా కృతివాసన్ కలిసి ఈ చిక్కును విప్పడానికి పూనుకున్నారు. వరుసలుగా, నిలువు బారులుగా అమరిన గుర్తులను నియమబద్ధంగా పెంచే వ్యాకరణాలను 1972 నుండి వరుసగా ప్రతిపాదించారు. 1974లో ఆ వ్యాకరణాలను కోలానికి అన్వయిస్తూ పరిశోధన పత్రం వెలువరించారు. చిన్న ముగ్గుకు ఒకే నియమాన్ని మరల మరల వర్తింపజేస్తే అదే పోలికతో పెద్ద ముగ్గు ఏర్పడుతుందని అందులో నిరూపించారు. నియమాల క్లిష్టతను బట్టి కోలాలను తరగతులుగా విభజించారు. కళాశాలల్లో కంప్యూటర్ అరుదైన వస్తువుగా ఉన్న కాలంలో జరిగిన కృషి ఇది.

మెలికల ముగ్గు మరింత కఠినమైన సమస్య. అందులో గీతే ప్రధానం. ముగ్గు వేసే స్త్రీలు అంత పెద్ద రూపాన్ని ఎలా గుర్తుంచుకుంటారో శిరోమణి అధ్యయనం చేశారు. వారు దానిని చేతి కదలికల వరుసగా జ్ఞాపకం ఉంచుకుంటారని గ్రహించారు. ముందుకు సాగడం, కుడికి వంగడం, ఎడమకు వంగడం, చుక్కను చుట్టి రావడం వంటి కొద్ది కదలికలకు ఒక్కొక్క గుర్తు పెడితే ముగ్గంతా ఆ గుర్తుల వరుసగా మారుతుంది. ఆ వరుసను కంప్యూటర్‌కు అందిస్తే అదే ముగ్గు తెరపై రూపొందుతుంది. యంత్రానికి ఆదేశాలిచ్చే పద్ధతికి ఆధారం ఆ స్త్రీల స్మృతిలోనే లభించింది.

1988లో, అరవయ్యేళ్లు నిండకముందే, శిరోమణి కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన స్మృత్యర్థం నరసింహన్ సంపాదకత్వంలో ఒక పరిశోధన గ్రంథం వెలువడింది. మొక్కల పెరుగుదలను వర్ణించడానికి హంగేరీ సంతతి శాస్త్రవేత్త లిండెన్‌మేయర్ 1968లో రూపొందించిన నియమాలతో దక్షిణ భారత జానపద చిత్రాలను కంప్యూటర్‌పై గీయవచ్చునని అందులోని ఒక వ్యాసం తెలిపింది. కెనడాలో పనిచేస్తున్న ప్రూసిన్‌కివిచ్ భారతీయ పరిశోధకులతో కలిసి రాసిన వ్యాసమది. తీగ సాగే తీరును, ముగ్గు అల్లుకునే తీరును ఒకే గణితం వివరించగలిగింది.

శిరోమణి కొత్త ముగ్గులను సృష్టించి కీర్తి పొందలేదు. బడి ముఖం చూడని స్త్రీ వేళ్లలోనూ శాస్త్రం ఉంటుందని నమ్మి, ఆమె నుండి నేర్చుకొని, ఆ నేర్పును ప్రపంచానికి అర్థమయ్యే భాషలో నమోదు చేశారు. పిండితో వేసిన గీత ఏ పూటకాపూట చెరిగిపోయినా, దానిని నడిపించిన నియమం ఆయన కృషి వల్ల శాస్త్రగ్రంథాలలో నిలిచింది.