ఔషధాన్వేషి యల్లాప్రగడ సుబ్బారావు

అన్నను, తమ్ముని ఎనిమిది దినముల యెడములో పోగొట్టుకొన్న యువకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఇరువురను బలిగొన్నది స్ప్రూ అను వ్యాధి. తిన్నది ఒంటబట్టదు, విరేచనములు కట్టవు, రక్తము క్షీణించి మనిషి శల్యావశిష్టుడగును. సుబ్బారావును కూడ ఆ జాడ్యము పట్టి పీడింపగా, మదరాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స కాపాడెను.

ఆతడు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనమార్జింపవలెనని ఇల్లు విడిచిన బాలుని తల్లి వెంకమ్మ వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని చేజిక్కలేదు. పరీక్ష తప్పిన విద్యార్థులు ఈ సంగతి నెఱుగుట మంచిది. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్.తో తృప్తిపడవలసి వచ్చెను.

1922 అక్టోబరులో బోస్టను చేరెను. భార్య శేషగిరిని మరల చూచు యోగము కలుగలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ చిల్లర కొలువు చేయుచు పొట్ట పోసికొనెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలసి భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములకు శక్తి నొసగు ఫాస్ఫోక్రియాటిన్ 1927లోను, ఏ.టి.పి. 1929లోను బయల్పడెను. ఏ.టి.పి.ని అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ కనుగొనెను. ఇంత చేసినను హార్వర్డు ఆతనికి స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు.

1940లో లెడర్లీ ఔషధశాలలో చేరిన పిమ్మట పాతపగ తీర్చుకొను అవకాశము లభించెను. బొంబాయి మిల్లుకూలీ గర్భిణుల రక్తహీనత ఈస్టుసారముతో కుదురుచున్నదని లూసీ విల్స్ అంతకుముందే చూపియుండెను. అందలి గుణకారి పదార్థమే ఫోలికామ్లము. పాలకూరనుండి తీసినందున లాటినులోని ఆకుపేరు దానికి వచ్చెను. కాలేయమునుండి దానిని వేరుచేయుటకు సుబ్బారావు బృందము ఏండ్లతరబడి శ్రమించి, 1945లో కృత్రిమముగ తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది సంజీవనియయ్యెను. ఆతని నేతృత్వముననే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. నేడును స్ప్రూ చికిత్సకు ఫోలికామ్లమును, టెట్రాసైక్లిన్‌ను కలిపి వాడుదురు. బోదకాలు క్రిములను చంపు హెట్రజాన్ కూడ ఆ ప్రయోగశాలలోనిదే.

ఇక అసలు విచిత్రము. రక్తమును వృద్ధిచేయు ఫోలికామ్లము ల్యుకేమియా రోగులలో ఆ వ్యాధినే పెంచుచున్నట్లు బోస్టనులో సిడ్నీ ఫార్బర్‌కు తోచెను. అట్లయిన దానికి ప్రత్యర్థిని నిర్మింపవలెను. అణువులో ఒక హైడ్రాక్సిల్ సమూహమును తీసి అమైనో సమూహమును నిలిపిరి. తాళమున దూరి తిరుగని దొంగచెవివలె అది ఎంజైమును బంధించి కణవిభజనను ఆపును. అదియే అమినోప్టెరిన్. దానిని తీసికొన్న 16 మంది బిడ్డలలో 10 మందికి గుణము కనిపించినదని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించెను. ఆ ఉపశమనము తాత్కాలికమే, బిడ్డలు దక్కలేదు. కాని అంతవఱకు ఆ మాత్రపు ఊరట నిచ్చిన మందును ఎవరును చూచి యెఱుగరు.

రెండు నెలలకు, ఆగస్టులో, 53వ యేట సుబ్బారావు నిద్రలోనే మరణించెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేడును ల్యుకేమియా బిడ్డలకు, తక్కువ మోతాదులో కీళ్లవాత రోగులకు ఇయ్యబడుచున్నది.