ఐరీన్ జోలియో క్యూరీ – పాజిట్రాన్ చికిత్సాలయానికి వచ్చిన కథ

మేరీ క్యూరీ పేరు వినని విద్యార్థి అరుదు. ఆమె పెద్ద కుమార్తె ఐరీన్ జీవితం తెలిసినవారు మాత్రం తక్కువ. నేడు పెద్ద ఆసుపత్రులలో 'పెట్ స్కాన్' అనే పరీక్ష ద్వారా ఆరోగ్యకరమైన కణజాలమేదో, వ్యాధిగ్రస్తమైనదేదో గుర్తిస్తున్నారు. ఆ పరీక్షకు పునాది అనదగిన ఆవిష్కరణ ఐరీన్ దంపతులది. కనుక ఆ విదుషీమణి జీవితాన్ని సంగ్రహంగా పాఠకులకు మనవి చేయదలచాము.

ఐరీన్ 1897 సెప్టెంబరు 12వ తేదీన పారిస్ నగరంలో జన్మించింది. 1906లో తండ్రి పియరీ క్యూరీ వీధిలో గుర్రపుబండి క్రింద పడి మరణించేనాటికి ఆమెకు ఎనిమిదేళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు తల్లికి తోడుగా ఎక్స్‌రే సేవలో చేరింది. పదునెనిమిదేళ్ల ప్రాయంలోనే బెల్జియంలోని యుద్ధరంగపు ఆసుపత్రిలో పనిచేసి, సైనికుల శరీరాలలో తూటాలు ఎక్కడ దిగినవో వైద్యులకు చూపింది. కిరణాలను రోగుల సేవకు వినియోగించడం ఆమె నేర్చిన తొలిపాఠం.

1925లో పొలోనియం కిరణాలపై పరిశోధనకు డాక్టరేటు పొంది, మరుసటి సంవత్సరం సహపరిశోధకుడైన ఫ్రెడెరిక్ జోలియోను వివాహమాడింది. దంపతుల కృషికి ఆరంభంలో అదృష్టం కలిసిరాలేదు. 1932 జనవరిలో ఒక వింత కిరణం పారాఫిన్ మైనం నుండి ప్రోటానులను వెలికి నెట్టడం వారు గమనించారు; అయితే దానిని గామా కిరణమని భావించారు. కొద్ది వారాలలోనే ఇంగ్లండులో చాడ్విక్ అది న్యూట్రాన్ అని నిరూపించాడు. ఎలక్ట్రానుతో సమానమైన ద్రవ్యరాశీ, ధనావేశమూ గల పాజిట్రాన్ జాడలు కూడా వారి పరికరంలో కనిపించాయి. వాటిని ఎదురుదిశలో వస్తున్న ఎలక్ట్రానులుగా తలచారు. ఆ యేడే అమెరికాలో ఆండర్సన్ ఆ కణాన్ని గుర్తించాడు. 1933లో బ్రస్సెల్స్ సభలో వారు చదివిన ప్రయోగ ఫలితాలను లీజ్ మైట్నర్ వంటి ఉద్దండురాలు శంకించింది.

దంపతులు నిరాశ చెందక అదే ప్రయోగాన్ని మళ్లీ చేపట్టారు. 1934 జనవరిలో అల్యూమినియం రేకుపై పొలోనియం కిరణాలను ప్రసరింపజేసి, తరువాత పొలోనియాన్ని తొలగించారు. అయినప్పటికీ రేకు నుండి పాజిట్రానులు వెలువడుతూనే ఉన్నాయి. సుమారు ప్రతి మూడు నిమిషాలకు వాటి తీవ్రత సగమైంది. అల్యూమినియంలో కొన్ని పరమాణువులు ప్రకృతిలో లభించని రేడియోధార్మిక ఫాస్ఫరసుగా మారినవి. అది నశించిపోకముందే, నిమిషాల వ్యవధిలో రసాయనికంగా వేరుచేసి నిరూపించడం ఆ దంపతుల నేర్పునకు తార్కాణం. అదే విధంగా బోరాన్ నుండి రేడియోధార్మిక నత్రజనిని పొందారు. మానవుడు కృత్రిమంగా రేడియోధార్మికతను సృష్టించడం అదే ప్రథమం. ఆ ఫలితాన్ని కన్నులారా చూసిన మేరీ క్యూరీ అదే యేడు జూలైలో కన్నుమూసింది. 1935లో దంపతులకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఆవిష్కరణ వైద్యానికి ఎట్లు ఉపకరించినదో చూద్దాము. క్యాన్సరు కణాలు సాధారణంగా తమ చుట్టుపట్ల కణాలకంటె ఎక్కువగా గ్లూకోజును గ్రహిస్తాయి. గ్లూకోజు వంటి పదార్థానికి పాజిట్రానులను వెలువరించే ఫ్లోరిన్-18ను చేర్చి రోగి రక్తంలోకి ఎక్కిస్తారు. 1976లో అమెరికాలో దీనిని తొలిసారిగా మనుషులకు ఇచ్చారు. వెలువడిన పాజిట్రాన్ సమీపంలోని ఎలక్ట్రానుతో కలిసి రెండూ నశించి, ఇంచుమించు ఎదురెదురు దిశలలో రెండు గామా కిరణాలు పుడతాయి. రోగి చుట్టూ వలయంగా అమర్చిన పరికరాలు వాటిని ఒకేసారి పసిగట్టి, అవి పుట్టిన తావును లెక్కకడతాయి. ఎక్స్‌రే అవయవపు ఆకారాన్ని చూపగా, ఈ పరీక్ష దాని పనితీరును చూపుతుంది. ఐరీన్ దంపతులు సృష్టించిన ఆ నత్రజనినే నేడు అమోనియా రూపంలో గుండె కండరపు రక్తప్రసారాన్ని పరీక్షించడానికి వాడుతున్నారు.

అయితే వెలిగిన ప్రతి తావూ క్యాన్సరు కాదు. ఆరోగ్యవంతమైన మెదడు కూడా గ్లూకోజును విరివిగా గ్రహిస్తుంది. ఐరీన్‌ను పలుమార్లు పీడించిన క్షయవ్యాధి సైతం అట్లే వెలిగి వైద్యుని భ్రమింపజేయగలదు. యంత్రం చూపినదానికి అర్థం చెప్పవలసినది వైద్యుని వివేకమే.

1936లో ఆమె ఫ్రెంచి ప్రభుత్వంలో శాస్త్ర పరిశోధనా శాఖ ఉపమంత్రి పదవిని స్వీకరించింది. ఆనాటికి ఆ దేశపు స్త్రీలకు ఓటుహక్కు లేదు. 1944లో గాని అది లభించలేదు. ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ మాత్రం ఆమెకు సభ్యత్వాన్ని నిరాకరించింది. 1950 జనవరిలో మన దేశానికి వచ్చి, మేఘనాథ్ సాహా కలకత్తాలో నెలకొల్పిన అణుభౌతికశాస్త్ర సంస్థను ఆమె ప్రారంభించడం మనకు సంతోషదాయకం.

1956 మార్చి 17వ తేదీన పారిస్‌లో రక్తక్యాన్సరుతో ఐరీన్ మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 58 సంవత్సరాలు. యౌవనం నుండీ కిరణాల మధ్య పనిచేయడమే ఆ వ్యాధికి కారణమని భావిస్తారు. క్యాన్సరును వెదికిపట్టే విద్యకు బీజం వేసిన చేతులకు ఆ క్యాన్సరే ఎదురైంది.

చేతికందిన రెండు ఆవిష్కరణలు జారిపోయిన తరువాత కూడా ఆమె ప్రయోగశాలను విడువలేదు. మన విద్యార్థులు తమ ప్రయోగాలలో ఊహించని ఫలితం వచ్చినప్పుడు దానిని పొరపాటుగా కొట్టివేయక, మరొక్కసారి పరిశీలింతురు గాక అని మేము ఆశిస్తున్నాము.