లైప్‌సిగ్ నగరమున ఎడ్వర్డు గ్రీగు

ఐరోపా ఖండమున ఉత్తరపు కొసను, సముద్రము నానుకొని, పర్వతమయమైన నార్వే దేశము కలదు. ఆ దేశపు పడమటి తీరమున వర్షములకు పేరువడిన బెర్గెన్ అను రేవుపట్టణమున 1843 జూన్ 15వ తేదీన ఎడ్వర్డు గ్రీగు జన్మించెను. నార్వే సంగీతమునకు ప్రపంచమున ప్రతిష్ఠ తెచ్చినవాడితడే. తండ్రి అలెగ్జాండరు గ్రీగు వర్తకుడు. బెర్గెనులో బ్రిటిషు ప్రభుత్వమునకు ఉపకాన్సలుగ పనిచేసినవాడు. తల్లి గెసీనె పియానో వాద్యమున గట్టి విదుషీమణి. కుమారునకు ఆరవ యేట ఆమెయే తొలిపాఠములు చెప్పెను.

బాలునకు బడి యన్న సరిపడెడిది కాదు. బెర్గెనులో వాన కురియని దినములు తక్కువ. నిలువున తడిసి వచ్చిన పిల్లలను బట్టలు మార్చుకొన ఇంటికి పంపివేయు ఆచార ముండుటచే, అతడు త్రోవలో ఏ యింటి చూరునీటి క్రిందనో నిలిచి, కావలసినంత తడిసి, పిదప బడి ముఖము చూచెడివాడు. పియానో ముందట కూర్చున్నపుడు మాత్రము కాలము గడచుట తెలిసెడిది కాదు. ఒక స్వరముపై మరియొక స్వరము, దానిపై ఇంకొకటి చేర్చుచు పోయి, తుదకు అయిదు స్వరముల నొక్కుమ్మడిగ మ్రోగించిన నాటి ఆనందమును అతడు ముదిమియందును మరువలేదు. మన సంగీతమున స్వరము వెంట స్వరము నడచి రాగరూపము సిద్ధించును. పాశ్చాత్యులు పలు స్వరముల నొక్కసారి పలికించి ఆ కలయికయందు రసమును వెదకుదురు. గ్రీగునకు చిన్ననాటనే పట్టుబడిన రుచి యిది.

ఓలే బుల్ అను జగత్ప్రసిద్ధుడగు ఫిడేలు విద్వాంసుడు ఆ కుటుంబమునకు బంధువు. 1858 వేసవిలో ఆయన వారి యింటికి వచ్చి, బాలుడు స్వయముగా కల్పించిన చిన్న కృతులను వాయింపించుకొని వినెను. అనంతరము తలిదండ్రులను ప్రక్కకు పిలిచి మాటలాడి, కుమారుని జర్మనీలోని లైప్‌సిగ్ నగరమునకు సంగీతవిద్యార్థిగ పంపుటకు వారి నొప్పించెను. పిల్లవాని నెవ్వరును అడిగినది లేదు. అడిగినను అతడు కాదనెడివాడు కాడు.

లైప్‌సిగ్ సంగీతకళాశాలను మెండెల్సన్ మహాశయుడు గ్రీగు పుట్టిన 1843వ సంవత్సరముననే స్థాపించెను. స్థాపకుడు 1847లో గతించినను కళాశాల ఖ్యాతి తగ్గలేదు. ఇంగ్లండు మొదలగు దేశములనుండియు విద్యార్థులు వచ్చుచుండిరి. 1858 అక్టోబరులో పదునైదేండ్ల గ్రీగు వారిలో చేరెను. తండ్రి స్నేహితు డొకడు హాంబర్గు వరకు ఓడలోను, అచ్చటినుండి రైలులోను వెంటవచ్చి, ఒక యింట బస చూపించి, వీడ్కోలు చెప్పి మరలిపోయెను. నార్వీజియను భాషలో మాటలాడు మనిషి ఇక లేడు. కొండలు, సముద్రము చూచిన కన్నులకు ఆ నగరపు ఇరుకు వీథులును, వానికి రెండువైపుల వెలుతురు సోకనీయని ఎత్తైన పాత మేడలును ఊపిరి సలుపనీయలేదు. అన్నము సహింపక, ఏడ్చుచు కూర్చున్న బాలుని ఇంటియజమాని, తపాలా ఉద్యోగి, ఓదార్చెను. ఇచ్చట కనబడు సూర్యచంద్రులును, ఇచ్చటి దేవుడును మీ యూరివారే యని ఆయన చెప్పిన భావము. కొలది వారములలో దిగులు తగ్గెను. నార్వే బడిపిల్లల వలె పొట్టి చొక్కా తొడిగి తోలుపట్టా బిగించుకొని తరగతికి వచ్చిన యీ చిన్నవానిని తోడివారు కొంతకాలము ఆటపట్టించిరి. ఒక ఫిడేలు విద్యార్థి అతనిని శిశువువలె ఒడిలో కూర్చుండబెట్టుకొనెనట!

పియానో చెప్పుటకు మొదట నియమింపబడిన గురువు ప్లేడీ. పొట్టిగ, లావుగ, బట్టతలతో నుండిన ఆయన పద్ధతి యొక్కటియే. వ్రేళ్లను ఎత్తి, గట్టిగా, నెమ్మదిగా కొట్టవలెను. క్లెమెంటి, కూలావు, చెర్నీ రచించిన అభ్యాసపాఠములు తప్ప వేఱొండు లేదు. మన గురువులు సరళీవరుసలు, జంటవరుసలు ఏండ్ల తరబడి చెప్పించినట్లే యిదియు. సాధన అవసరమే, కాని ఏ శిష్యునకు ఎంత అన్న వివేచన గురువునకు ఉండవలెను కదా! ఒకనాడు గ్రీగు వాయించుచుండగ ప్లేడీకి కోపము వచ్చి, పుస్తకమును గది యావలికి విసరివైచి, ఇంటికి పొమ్మని కేకలు వేసెను. బాలుడు తిన్నగా కళాశాలాధికారి ష్లైనిట్సు కడకేగి, ఆ గురువువద్ద ఇక నేర్వనని విన్నవించుకొనెను. ఊరుగాని యూరిలో పదునైదేండ్ల వానికి ఇంత తెగువ యెక్కడిదో! అధికారి కోపింపలేదు, గురువును మార్చెను.

తరువాత లభించిన వెంట్సెల్ వలన అతని అదృష్టము తిరిగెను. ఆయన 1856లో మరణించిన షూమన్ మహాకవికి—సంగీతమున అట్లనక తప్పదు—మిత్రుడు. షూమన్ రచనలపై శిష్యునకు కలిగించిన అనురాగము తుదివరకు చెక్కుచెదరలేదు. పిమ్మట వృద్ధుడగు మోషెలెస్ బేథోవెన్ సొనాటాలను చెప్పెను. శిష్యుడు నాలుగు గతులు వాయించుసరికి ఆపివైచి తానే వాయించి చూపుట మోషెలెస్‌కు అలవాటు. ఇతరులు విసుగు చెందిరి. గ్రీగు ఆ వాదనమును శ్రద్ధతో విని, ఇంట సాధన చేసి, సొనాటాల నొకదాని వెంట నొకటి పూర్తిచేసెను.

స్వరమేళన శాస్త్రమునకు రిఖ్టరు గురువు. ఆయన ఒక క్రిందిస్వరముల వరుస నిచ్చి దానిపై నియమానుసారము స్వరములు కూర్చి తెమ్మనెడివాడు. గ్రీగు నియమము చూడక తన చెవికి ఇంపైనవి కూర్చుకొని వచ్చెడివాడు. తప్పని గీత పడెడిది. ఎందులకు తప్పో బాలునకు బోధపడెడిది కాదు. పాపెరిట్సు కొంత స్వేచ్ఛ నిచ్చెను. హౌప్ట్‌మన్ వృద్ధుడు, దయాళువు. రోగియైనపుడు తన యింటనే పాఠములు చెప్పెను. ఆయన నివాసము థామసు పాఠశాల; నూఱేండ్లకు పూర్వము బాఖ్ కాపురమున్న చోటు. అచ్చట ఆయన ఈ బాలుని రచనను మెచ్చుకొనెను.

తరగతి గదికంటె మిన్నగ విద్య లభించినది కచేరీలలోననవచ్చును. గెవాండ్‌హౌస్ అను ప్రఖ్యాత సభాభవనమున జరుగు వాద్యగోష్ఠులు కళాశాలవారికి అందుబాటులో నుండెను. షూమన్ రచించిన పియానో కాన్సర్టోను ఆయన భార్య క్లారా వాయింపగా గ్రీగు వినెను. వాగ్నరు నాటకము టాన్‌హాయిజరును పదునాలుగు పర్యాయములు చూచెను.

ఇంతవరకు చదువు అంతంతమాత్రమే. అతడు స్వప్నశీలుడు, బద్ధకస్తుడని తానే ఒప్పుకొన్నాడు. కాని తోడి ఆంగ్ల విద్యార్థులు వేకువనుండి రాత్రివరకు పాటుపడుచుండిరి. వారిలో సలివన్ ఒకడు. తరువాత ఇంగ్లండున హాస్యగేయనాటకములతో ప్రసిద్ధికెక్కిన యాతడే. వారి ప్రజ్ఞ చూచి గ్రీగునకు సిగ్గుపుట్టెను. నిద్రాహారములు మాని రాత్రింబవళ్లు పనిచేయసాగెను. ఫలితము దారుణము. 1860 వసంతమున ఊపిరితిత్తుల పొరకు వాపు సోకి మంచము పట్టెను. తల్లి బెర్గెనునుండి పరుగున వచ్చి కుమారుని తీసికొనిపోయెను. ప్రాణము దక్కెను గాని ఎడమ ఊపిరితిత్తి జీవితాంతము చెడిపోయెను.

తలిదండ్రులు ఇక పంపరనియే ఎవరైన తలంతురు. ఆ శరత్కాలముననే అతడు లైప్‌సిగునకు మరలివచ్చెను. నూతనముగా వచ్చిన గురువు రైనెకె నాలుగు తంత్రీవాద్యములకు ఒక క్వార్టెట్టు వ్రాయుమనెను. ఆ వాద్యముల రచనాపద్ధతి గ్రీగునకు ఎవ్వరును చెప్పియుండలేదు. మొజార్టు, బేథోవెన్ గ్రంథములను ముందిడుకొని తానై నేర్చి వ్రాసెను. ఆపై పెద్ద వాద్యబృందమునకు ఒక ఓవర్ట్యూరు వ్రాయుమన్నపుడు నడుమ చిక్కుకొని విడిచిపెట్టెను. ఒంటిమీద నూలుపోగు లేనివానిని కొలువుకు పంపినట్లున్నది ఆ బోధన!

1862 ఈస్టరు పరీక్షలో తన సొంత పియానో కృతులను వాయించి యోగ్యతతో ఉత్తీర్ణుడై స్వదేశము చేరెను. పిమ్మటి చరిత్ర సుప్రసిద్ధము. కోపెన్‌హేగెన్ నగరమున నార్డ్‌రాక్ స్నేహముచే స్వజాతి జానపదగీతములవైపు దృష్టి మరలెను. 1868లో పియానో కాన్సర్టో రచించెను. అది నాడు క్లారా చేతులలో వినిన షూమన్ కృతివలెనే ఏ-మైనరు శ్రుతిలోనిది. 1875లో ఇబ్సెన్ నాటకము పేర్‌గింట్‌కు సంగీతము సమకూర్చెను. చెడిన ఊపిరితిత్తితోనే దేశదేశములు తిరిగి కచేరీలు చేసి, 1907 సెప్టెంబరు 4వ తేదీన బెర్గెనులో కన్నుమూసెను.

లైప్‌సిగ్ నగరముతో అతని సంబంధము తెగలేదు. అతని రచనలను ముద్రించిన పీటర్సు ప్రచురణశాల అచ్చటిదే. దాని యజమాని మాక్సు అబ్రహాం అతనికి ఆప్తమిత్రుడు. ఆయనయే 1894లో ఆ నగరమున ప్రజలందఱకు తెఱచిన సంగీత గ్రంథాలయమును నెలకొల్పెను. ఐనను కళాశాలపై గ్రీగునకు కోపము పోలేదు. 1903లో వ్రాసిన స్వీయస్మృతులలో, వచ్చినపుడెంత తెలివిమాలినవాడో వెడలినపుడును అంతే యను భావము వెలిబుచ్చినాడు. గొప్పవాని మాటయని చాలమంది నమ్మిరి.

కాని అతడే దానికి విరుద్ధసాక్ష్యమును భద్రపఱచి పోయెను. తన వ్రాతప్రతులను, ఉత్తరములను, గ్రంథములను బెర్గెను పౌరగ్రంథాలయమునకు మరణశాసనమున ఒసగెను. వానిలో లైప్‌సిగ్ నాటి అభ్యాసపుస్తకములు కలవు. మూడేండ్లు వరుసగా చేసిన లెక్కకు మిక్కిలి పాఠములు, క్రమక్రమముగ పెరిగిన నేర్పు, గురువుల దిద్దుబాట్లు వానిలో కనబడును. రిఖ్టరు తప్పని కొట్టివేయించిన తరహా స్వరమేళనములును వాని నడుమ తల యెత్తుచునే యున్నవి. లోకము గ్రీగు ముద్రయని తరువాత గుర్తించినవి అటువంటివే.