ట్రూవెలో చరిత్రము

పట్టుపురుగుల పెంపకము మన హోసూరు సీమవారికి క్రొత్త కాదు. అట్టి పురుగులయందలి ప్రీతియే ఒక ప్రతిభావంతుని పేరునకు తీరని మచ్చయైన వృత్తాంతమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

ఎతియెన్ లియొపోల్డ్ ట్రూవెలో 1827 డిసెంబరు 26వ తేదీన ఫ్రాన్సు దేశమున జన్మించెను. ఆయన ప్రజాప్రభుత్వ పక్షపాతి. 1851లో లూయీ నెపోలియన్ బలప్రయోగముచే సర్వాధికారమును వశపరచుకొనిన పిమ్మట, ఆయన స్వదేశము వీడి అమెరికా చేరి, బోస్టను నగర సమీపమున మెడ్‌ఫర్డు అను ఊర స్థిరపడెను. చిత్రలేఖనము ఆయనకు జీవనాధారము. కీటక పరిశీలనము ఆయనకు వ్యసనము.

అమెరికా అడవులలో సహజముగ నుండు పోలిఫెమస్ అను శలభమునుండి పట్టు తీయవలెనని ఆయన పూనుకొనెను. అయిదెకరముల పొదలపై వలలు కప్పి, 1865 నాటికి పదిలక్షల గొంగళిపురుగులను పెంచెను. అంతటితో తృప్తి చెందక, ఐరోపానుండి మరియొక శలభపు గ్రుడ్లను తెప్పించెను. నాడు జిప్సీ శలభమనియు, 2022 నుండి స్పంజీ శలభమనియు పిలువబడుచున్నది అదియే. 1868లోనో 1869లోనో వానిలో కొన్ని పురుగులు తప్పించుకొని చెట్లలో చేరెను. ట్రూవెలో అపాయమును గ్రహించి కీటకశాస్త్రజ్ఞులకు ఎరిగించెనని చెప్పుదురు. కాని నివారణకు ఎవ్వరును పూనుకొనలేదు.

పిమ్మట ఆయన దృష్టి ఆకాశమునకు మరలెను. ఆయన చిత్రించిన ధ్రువకాంతులను మెచ్చి, 1872లో హార్వర్డు వేధశాలవారు ఆయనను చేర్చుకొనిరి. సూర్యునిలోని మచ్చలు, శనిగ్రహ వలయములు మొదలగువానిని ఆయన సుమారు 7000 చిత్రములలో లిఖించెను. 1882లో స్వదేశమునకు మరలి, మ్యూడాన్ వేధశాలలో పనిచేసి, 1895 ఏప్రిల్ 22న కాలధర్మము నొందెను. చంద్రునిపై ఒక బిలమునకు ఆయన పేరు పెట్టబడినది.

ఆయన వెడలిన ఏడేండ్లకు, 1889లో, మెడ్‌ఫర్డు చెట్లన్నియు మోడువారెను. గొంగళిపురుగులు ఇండ్ల గోడలపై ప్రాకసాగెను. 1890 మొదలు ప్రభుత్వము కూలివారిచే గ్రుడ్లను గీకించి నాశనము చేయించెను. పురుగు తగ్గుట చూచి, పని ముగిసినదని తలచి, 1900లో ఆ యత్నమును మానివేసెను. అది మరల విజృంభించెను. ఐరోపా జాతి ఆడ శలభము ఎగురజాలదు. ఐనను దాని పిల్లలు దారములపై వ్రేలాడుచు గాలిచే కొట్టుకొనిపోవును. గ్రుడ్లు కట్టెలతోను బండ్లతోను ఊళ్లు దాటును. 1981లో ఒక్క యేట సుమారు 1 కోటి 29 లక్షల ఎకరముల చెట్ల ఆకులను ఆ పురుగు తినివేసెను.

సకాలమున మేల్కొనినచో ఫలితము వేరుగ నుండును. ఐరోపా ద్రాక్షతోటల శలభ మొకటి 2009లో కాలిఫోర్నియాలోని నాపా లోయలో కనబడెను. దాని పురుగు పూతను, పండ్లను తొలిచివేయును. అధికారులును రైతులును వెంటనే ఏకమై, పండ్ల రవాణాను కట్టడిచేసి, మగ శలభములు ఆడువానిని గుర్తింపజాలకుండ కృత్రిమ వాసనలను తోటలలో అమర్చిరి. 2016లో ఆ తెగులు నిర్మూలమైనదని ప్రకటింపబడెను.

ట్రూవెలో దుర్మార్గుడు కాడు. ఆయన చిత్రములు నేటికిని మన కన్నులకు విందుచేయును. కాని ఆయన తెచ్చిన గ్రుడ్ల సంతతియు నేటికిని జీవించియున్నది. కావున, విద్యార్థులారా, పరసీమనుండి మొక్కను తెచ్చునప్పుడు దాని ఆకుల అడుగుభాగమును చూడుడు. క్రొత్త పురుగు కనబడినచో ఆ దినమే పెద్దలకు చెప్పుడు. పెద్దలు ఆ మాటను పెడచెవిని బెట్టకుందురుగాక.